అంచనా కూడా సాధనతో వచ్చే విద్యే



మిరుగు కార్తె దగ్గర పడేసరికి మా పక్క ఊళ్ళల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట. "ఈసారి వాన వస్తాదంటావా?" దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒక పెద్దాయన, "వస్తే వస్తాది, రాకుంటే లేదు" అంటాడు. ఇంకొకాయన, "ఖండితంగా వస్తాది, నా మాట తప్పితే మీసం తీయించుకుంటా" అంటాడు. మొదటాయన మాట ఎన్నటికీ తప్పు కాదు. తప్పయ్యే వీలు లేదు గనకనే ఆ మాటతో ఎవరికీ పని లేదు. రెండో ఆయన మాట ధైర్యంగా ఉంటుంది, కానీ వాన రాకపోతే ఆయన మీసం అలాగే ఉంటుంది. విత్తనం మాత్రం మట్టిలో ఎండిపోతుంది.

ఈ రెండు జవాబులకూ నడుమ ఇంకొక జవాబు ఉంది. "పదింట ఆరు వంతులు వచ్చేటట్టుంది, నాలుగు వంతులు రానట్టుంది" అని చెప్పడం. వినడానికి ఇది పిరికి మాటలా ఉంటుంది. కానీ అన్నిటికన్నా ధైర్యం కావలసింది ఈ మాటకే. ఎందుకంటే దీన్ని తర్వాత లెక్క కట్టి, తప్పో ఒప్పో తేల్చవచ్చు. ఇలా చెప్పడం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకుంటే వచ్చేది. ఈత, సైకిలు, ఎక్కం మాదిరే ఇదీ సాధనతో పట్టుబడే విద్య. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీని పేరు సంభావ్యత. మా పిల్లలు కన్నడంలో చదివే లెక్కల పుస్తకంలో దీన్ని సంభవనీయతె అంటారు. రెండు భాషల్లోనూ ఆ పాఠంలో ఉండేవి పాచికలు, నాణేలు, సంచిలో ఎర్రగోళీలు, తెల్లగోళీలు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. గోళీల లెక్క బోర్డు మీద తప్పు లేకుండా చేసి చూపించిన నేనే, బతుకులో ఎదురైన ఒక సంభావ్యత దగ్గర ఘోరంగా తప్పాను. అది చెప్పకుండా ఈ ప్రసంగం ముందుకు సాగదు.

పన్నెండేళ్ళ కిందటి మాట. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి. పదో తరగతిలో ఒక అబ్బాయికి మూడు సబ్జెక్టులు పోయాయి. వాళ్ళ నాయన బడికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. "సార్, నిజం చెప్పండి. మావోడు పాసయితాడా? అయ్యేటట్టుంటే సదివిస్తా. లేకుంటే గొర్రెల ఎంబడన్నా పంపుకుంటా." నేను మార్కుల పట్టిక ఒకసారి చూసి, "పాసు కాడప్పా, ఖాయం" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నిజంగా అలాగే నమ్మాను. మరుసటి సోమవారం నుంచి ఆ పిల్లవాడు బడికి రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో పాత రిజిస్టర్లు సర్దుతూ ఊరికే ఒక లెక్క వేశాను. అంతకు ముందు ఐదేళ్ళలో, అర్ధ సంవత్సర పరీక్షలో సరిగ్గా ఇలాగే మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్న పిల్లలు ఎంతమంది? 19 మంది. వాళ్ళలో చివరికి ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. గట్టెక్కినవాళ్ళు? 11 మంది. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు. నేను "ఖాయంగా కాడు" అన్న పిల్లవాడికి నిజానికి సగానికి పైగా అవకాశం ఉంది. ఆ రిజిస్టరు నా బీరువాలోనే, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని తెరిచి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఒకటి రెండు సంఘటనలు గుర్తుండి, వాటిని బట్టి తీర్పు చెప్పేశాను.

ఇది నా ఒక్కడి తప్పు కాదని తర్వాత చదివితే తెలిసింది. మనిషి మనసు అంచనాలు కట్టే తీరులోనే కొన్ని వంకరలు ఉన్నాయి. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్స్‌కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1970ల నుంచి వీటిని ఒక్కొక్కటిగా బయటపెట్టారు. గుర్తుకు తేలికగా వచ్చేదే ఎక్కువగా జరుగుతుందని అనుకుంటాం. పోయినేడు మిరపకాయ ధర బాగా పలికితే, ఈ ఏడు కూడా అంతే పలుకుతుందని ఎకరాలకు ఎకరాలు మిరప వేస్తాం. 2024 మార్చిలో బ్యాడగి మార్కెట్టులో ధర ఒక్కసారిగా పడిపోయి, రైతులు కడుపుమండి గొడవకు దిగిన సంగతి మనలో చాలామందికి గుర్తుంది. మన జిల్లాల రైతులే కాదు, ఆంధ్రా వైపు నుంచి లారీల మీద సరుకు తెచ్చినవాళ్ళూ ఆ మార్కెట్టులో ఉంటారు. ధర పడటానికి కారణాలు అనేకం. అయితే విత్తేనాడు "ధర సగానికి పడిపోవడానికి అవకాశం ఎంత?" అని ఒక అంకె వేసుకుని చూసినవాళ్ళు మనలో ఎంతమంది?

ఇంకో వంకర ఏమిటంటే, జరిగిపోయాక "నేను ముందే అనుకున్నా" అనుకోవడం. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో ప్రపంచ కప్పు క్రికెట్టు ఫైనలు జరిగింది. మన జట్టు అంతవరకు వరసగా పది ఆటలు గెలిచింది. ఆ ఉదయం మా స్టాఫు రూములో "కప్పు మనదే" అనని మనిషి లేడు. ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచింది. మరునాడు అదే స్టాఫు రూములో ముగ్గురు, "ఆ పిచ్చి మీద మనం ఓడిపోతామని నాకు ముందే అనుమానం" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మనసే వాళ్ళ పాత మాటను చెరిపి కొత్త మాట రాసేసింది. అందుకే అంచనాను నోటితో చెప్పి వదిలేస్తే దాని నుంచి మనం ఏమీ నేర్చుకోలేం. కాగితం మీద, తేదీతో, అంకెతో ఉండాలి.

అంకె ఎందుకు, మాట చాలదా అని మీరు అడగవచ్చు. రెండు భాషల నడుమ బతికే మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. తెలుగులో బహుశా అంటాం, కన్నడంలో ఇరబహుదు అంటాం. నా తరగతిలో ఒకసారి పిల్లలందరికీ చీటీలిచ్చి, "బహుశా రేపు సెలవు" అంటే నూటికి ఎన్ని పాళ్ళు సెలవని అర్థమో రాయమన్నాను. ఒకరు 20 రాశారు, ఒకరు 90 రాశారు. మాట ఒకటే, విన్న చెవులను బట్టి అర్థం మారిపోయింది.

పిల్లలే కాదు, పెద్ద పెద్ద ప్రభుత్వాలకూ ఈ చిక్కు వచ్చింది. 1951లో అమెరికా గూఢచారి శాఖవారు, యుగొస్లావియా మీద సోవియట్ దాడి జరిగే అవకాశాన్ని 'గట్టిగా పట్టించుకోవలసినదిగా' లెక్కించాలని ఒక నివేదిక ఇచ్చారు. దాన్ని తయారు చేయించిన షెర్మన్ కెంట్ మనసులో ఉన్నది నూటికి 65. తర్వాత ఆయన తన తోటివారిని, "మీరు ఆ మాటకు ఏమనుకుని ఒప్పుకున్నారు?" అని అడిగితే కొందరు నూటికి 20 అన్నారు, కొందరు 80 అన్నారు. అందరూ కలిసి ఒకే వాక్యం మీద సంతకం పెట్టారు, కానీ ఎవరి అర్థం వాళ్ళదే.

మన రేడియోలో రోజూ వినే వాతావరణ సమాచారం విషయంలోనూ ఇదే జరుగుతోంది. భారత వాతావరణ శాఖ వాడే మాటలకు లెక్కలున్నాయి. "ఒకటి రెండు చోట్ల వర్షం" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదవుతుందని. అప్పుడు మీ చేనులో చినుకు పడకపోతే సూచన తప్పినట్టు కాదు. ఆ శాఖ ఇంగ్లీషు బులెటిన్లలో అవకాశాన్ని తెలిపే మాటలకు కూడా మెట్లున్నాయి. మామూలుగా 'కురవవచ్చు' అనే అర్థమొచ్చే మాట వాడితే నూటికి 25 నుంచి 50 వరకు. దాని పై మెట్టు మాటకు 50 నుంచి 75. అన్నిటికన్నా పై మెట్టు మాటకు 75కు మించి. 25 కన్నా తక్కువైతే 'కురవకపోవచ్చు' అనే మాట. చూడండి, 'కురవవచ్చు' అని విన్నవాడు వాన ఖాయమనుకుని ఎరువు చల్లుతాడు. ఆ మాట వెనక ఉన్నది సగం కన్నా తక్కువ అవకాశం. తప్పు చెప్పినవాళ్ళదా, విన్నవాళ్ళదా అన్నది పక్కన పెడదాం. మధ్యలో అంకె జారిపోయిందన్నది మాత్రం నిజం.

అంకె ఒక్కటే ఇచ్చి, అది ఎంతవరకు నమ్మదగిందో చెప్పకపోయినా చిక్కే. 2002లో దేశం మొత్తానికి నైరుతి వానలు సగటులో 101 శాతం పడతాయని ముందస్తు అంచనా వెలువడింది. చివరికి పడింది 81 శాతం. ఆ ఏటి కరువు మన ప్రాంతంలో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుంది. ఆ అనుభవం తర్వాత అంచనా పద్ధతులు మార్చారు. కరువు, సగటు కన్నా తక్కువ, సగటు, ఎక్కువ అని తరగతులు చేసి, ఒక్కొక్క తరగతికి ఎంత శాతం అవకాశమో కూడా చెప్పడం మొదలైంది. ఇప్పుడు ఏప్రిల్‌లో వచ్చే వానాకాలపు అంచనా విన్నప్పుడు ఒక్క అంకె దగ్గర ఆగకుండా, కరువుకు ఎన్ని పాళ్ళు ఇచ్చారో కూడా చూడండి. పంట బీమా కట్టాలా వద్దా అన్నది తేల్చవలసింది ఆ అంకెను చూసే.

ఇక సాధన మాటకు వస్తాను. అంచనాలకు మార్కులు వేసే పద్ధతిని కూడా వాతావరణం వాళ్ళే కనిపెట్టారు. 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ నిపుణుడు ఒక చిన్న సూత్రం ప్రకటించాడు. దాన్ని మన లెక్కలోకి మార్చి చెబుతాను, నిదానంగా వినండి. రేపు వాన నూటికి 70 పాళ్ళు అని మీరన్నారు. వాన వచ్చింది. వంద నుంచి 70 తీసేస్తే 30. ఆ 30ని 30తో గుణించి వందతో భాగిస్తే 9. ఇవి మీ తప్పు మార్కులు. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. వాన రాలేదనుకోండి. అప్పుడు మీ గురి తప్పింది 70 పాళ్ళు. డెబ్భై డెబ్భైలు 4,900, వందతో భాగిస్తే 49 తప్పు మార్కులు. ఎప్పుడూ "సగం సగం" అనే గోడమీది పిల్లికి ఏం జరిగినా 25. "ఖాయంగా వస్తుంది" అని మీసం మెలేసినవాడికి వాన రాకపోతే ఎంత? పూర్తిగా 100. ఒక్క రోజుతో ఏదీ తేలదు. నెల రోజులు కలిపి సగటు తీస్తే ఎవరు తెలివిగా అంచనా వేస్తున్నారో, ఎవరు గొంతు పెంచుతున్నారో తేలిపోతుంది.

అమెరికా వాతావరణ శాఖ 1965 నుంచి వానకు శాతాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పరిశోధకులు లెక్క చూస్తే, అక్కడి నిపుణులు నూటికి 30 పాళ్ళు అన్న రోజులన్నీ కలిపితే సుమారు అందులో 30 వంతుల రోజులే వాన పడింది. వాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళని కాదు. వాళ్ళకు మూడు సౌకర్యాలున్నాయి. చెప్పేది అంకెలో చెబుతారు. చెప్పింది రాసి ఉంటుంది. మరునాడే ఆకాశం పేపరు దిద్ది చేతికిస్తుంది. ఈ మూడూ లేకపోతే ఎన్నేళ్ళ అనుభవమున్నా అంచనా మెరుగుపడదు.

ఫిలిప్ టెట్‌లాక్ అనే ఆచార్యుడు 284 మంది రాజకీయ, ఆర్థిక నిపుణుల చేత చాలా ఏళ్ళపాటు వేల కొద్దీ అంచనాలు వేయించి, వాటిని లెక్కించి 2005లో పుస్తకం రాశాడు. పేరున్న నిపుణుల దూరపు జోస్యాల్లో చాలావరకు గాలివాటు ఊహల కన్నా పెద్దగా మెరుగ్గా లేవు. ఆ తర్వాత 2011 నుంచి నాలుగేళ్ళు అమెరికా ప్రభుత్వ సాయంతో ఒక పోటీ జరిగింది. వేలమంది మామూలు మనుషులు ప్రపంచ వ్యవహారాల మీద శాతాలలో అంచనాలు వేశారు. బ్రయర్ సూత్రంతోనే మార్కులు వేశారు. టెట్‌లాక్ జట్టువాళ్ళు కొందరికి సుమారు గంటలో చదివేసే ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఆ ఒక్క గంట పాఠంతో ఏడాది పొడవునా వాళ్ళ అంచనాలు సుమారు 10 శాతం మెరుగ్గా ఉన్నాయి. ఉపాధ్యాయుడిగా నన్ను కదిలించింది ఈ మాటే. గంట పాఠం ఏడాది నిలిచిందంటే మనం బడిలో చెప్పే ఎన్ని పాఠాలకు ఆ భాగ్యముంది?

ఆ పాఠంలో ముఖ్యమైనది, నేను బీరువాలో రిజిస్టరు పెట్టుకుని చేయని పని. ముందుగా మన ఎదుట ఉన్న ఒక్క మనిషిని, ఒక్క సంగతిని చూడకూడదు. "ఇలాంటివి ఇదివరకు ఎన్ని జరిగాయి, వాటిలో ఎన్ని ఇలా ముగిశాయి?" అని చూసుకోవాలి. 19 మందిలో 11 మంది అన్నది మొదటి మెట్టు. ఆ తర్వాత ఈ పిల్లవాడి ప్రత్యేకతలు చూసి, ఆ అంకెను కాస్త పైకో కిందికో జరపాలి. వీడు రోజూ బడికి వస్తాడు, ఐదు పాళ్ళు పెంచు. ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు, ఐదు పాళ్ళు తగ్గించు. మనం తలకిందులుగా చేస్తాం. మనిషి ముఖం చూసి ముందే తీర్పు చెప్పి, రిజిస్టరు అసలే తెరవం.

దీనికి వైద్యం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. 1978లో ప్రచురించిన ఒక అధ్యయనంలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రుల్లో 60 మందిని ఒక ప్రశ్న అడిగారు. వాళ్ళు డాక్టర్లు, వైద్య విద్యార్థులు. ఒక జబ్బు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. దానికి చేసే పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా నూటికి ఐదుగురికి 'జబ్బుంది' అని తప్పుగా చూపిస్తుంది. ఒక మనిషికి లక్షణాలు ఏమున్నాయో ఏమీ తెలియదు, పరీక్షలో 'ఉంది' అని వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశమెంత? సగానికి దగ్గరగా జనం నూటికి 95 అన్నారు. సరైన జవాబు చెప్పినవాళ్ళు 60 మందిలో 11 మందే.

అదే ప్రశ్నను శాతాలు వదిలి తలకాయల లెక్కలో చెప్పి చూద్దాం. వెయ్యి మంది ఉన్న ఒక ఊరు. జబ్బు ఉన్నవాడు ఒక్కడు. పరీక్ష వాణ్ణి పట్టుకుంది. మిగతా 999 మందిలో నూటికి ఐదుగురు, అంటే సుమారు 50 మందికి ఏమీ లేకపోయినా 'ఉంది' అని వచ్చింది. ఇప్పుడు చీటీ చేతిలో పట్టుకుని ఏడుస్తున్నవాళ్ళు 51 మంది. వాళ్ళలో నిజంగా జబ్బున్నవాడు ఒక్కడు. అంటే నూటికి రెండు పాళ్ళు. ఇప్పుడు మీకు కూడా అర్థమైంది కదా! జర్మనీకి చెందిన గెర్డ్ గిగరెంజర్, ఆయన సహచరులు 1990ల నుంచి చెబుతున్నదీ ఇదే. శాతాలలో తడబడిన మనుషులు, మనుషుల లెక్కలో చెబితే దారిలో పడతారు. ఈ పద్ధతిని రెండు గంటలలోపే నేర్పవచ్చని కూడా వాళ్ళు చేసి చూపించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీన్ని విని పరీక్షలన్నీ దండగ అనుకోకండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటి లక్షణాలుండి డాక్టరు పరీక్ష రాస్తే, ఆ మనిషి వెయ్యిమందిలో ఒకడు కాడు. అవకాశం ముందే పెరిగి ఉంటుంది. నేను చెప్పేదల్లా ఒకటే. మొదటి చీటీ చూసి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. "డాక్టరు గారూ, నాలాంటివాళ్ళు వందమందికి ఇలా వస్తే అందులో ఎందరికి నిజంగా జబ్బుంటుంది? రెండో పరీక్ష ఏమన్నా ఉందా?" అని అడగండి.

ఇంకొక నియమం. సున్నా, నూరు అనే అంకెలను ఊరికే వాడవద్దు. మన తుంగభద్ర ఆనకట్టకు 33 గేట్లు. దశాబ్దాలుగా నీళ్ళు వదిలారు, మూశారు. "గేటు కొట్టుకుపోతుందా?" అని 2024 జూలైలో ఎవరైనా అడిగితే మనమందరం నవ్వేవాళ్ళం. ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఇదివరకు జరగలేదు గనక ఇకముందు జరగదు అనుకోవడం అంచనా కాదు, అలవాటు. పాతబడే ఇనుముకు ఏటేటా అవకాశం కొంచెం కొంచెం పెరుగుతుంది. దానికి సున్నా వేసినవాడు మరమ్మతుకు డబ్బు పెట్టడు. నూటికి రెండో మూడో వేసినవాడు ముందే పెడతాడు.

ఇప్పుడు నా నోటుబుక్కు సంగతి. ఆ పిల్లవాడి ఉదంతం తర్వాతి ఏడాది నుంచి ప్రతి ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరి ఎదురుగా పాసయ్యే శాతం వేసుకుంటున్నాను. ఎవరికీ చూపించను. ఫలితాలు వచ్చాక తీసి చూసుకుంటాను. మొదటి ఏడాది 42 మంది. వాళ్ళలో నేను 90కి పైన వేసినవాళ్ళు 20 మంది. పాసయినవాళ్ళు 16 మంది. కనీసం 18 మంది కావాలి. 20, 30 పాళ్ళు వేసినవాళ్ళు 8 మంది. నా లెక్క నిజమైతే ఇద్దరు పాసు కావాలి, నలుగురు అయ్యారు. మంచి పిల్లలని నేను అనుకున్నవాళ్ళ మీద నమ్మకం ఎక్కువ, మొద్దులని అనుకున్నవాళ్ళ మీద నమ్మకం తక్కువ పెట్టుకున్నానన్నమాట. అద్దంలో ముఖం చూసుకున్నట్టయింది. రెండో ఏడాది పై అంకెలు కొంచెం కిందికి, కింది అంకెలు కొంచెం పైకి జరిపాను. నాలుగైదేళ్ళకు నేను 80 అన్నవాళ్ళలో పదికి ఎనిమిదిమంది దరిదాపుల్లో గట్టెక్కడం మొదలైంది. ఇప్పటికీ తప్పులు వస్తాయి. కానీ ఇదివరకటి మాదిరి ఒకే వైపు రావడం లేదు.

మీరు ఇంట్లో చేసుకోదగిన ఒక చిన్న ఆట చెబుతాను. పది ప్రశ్నలు రాసుకోండి. కృష్ణదేవరాయలు ఏ సంవత్సరంలో పట్టానికి వచ్చాడు? ఏనుగు ఎన్ని నెలలు మోస్తుంది? ఎవరెస్టు ఎత్తు ఎన్ని మీటర్లు? చంద్రుడు మనకు ఎన్ని కిలోమీటర్ల దూరం? ఇలాంటివి. జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. ఒక్కొక్కదానికి కింది హద్దు ఒకటి, పై హద్దు ఒకటి రాయండి. అసలు జవాబు ఆ రెండు హద్దుల మధ్య ఉంటుందని మీకు నూటికి 90 పాళ్ళు నమ్మకం ఉండాలి. తర్వాత పుస్తకం తీసి చూడండి. ఆయన పట్టాభిషేకం 1509. ఏనుగు గర్భం సుమారు 22 నెలలు. ఎవరెస్టు 8,849 మీటర్లు. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్లు. పదింటిలో తొమ్మిది మీ హద్దుల్లో పడాలి. చాలామందికి సగం కూడా పడవు. మా స్టాఫు రూములోనూ పడలేదు. అంటే జవాబు తెలియకపోవడం కన్నా, మనకెంత తెలుసో మనకే సరిగ్గా తెలియకపోవడం పెద్ద లోపం. నాలుగుసార్లు ఆడితే హద్దులు వాటంతటవే వెడల్పు అవుతాయి.

శాతాల మాట ఎత్తితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఒక అభ్యంతరం ఉంది. "శుభమా అని పని మొదలుపెడుతుంటే నూటికి ముప్పై పాళ్ళు చెడుతుందని అంటావేమిరా?" అని కోప్పడతారు. కానీ కీడెంచి మేలెంచమని చెప్పినదీ ఆ పెద్దలే. కీడు ఎంత అన్నది మాత్రం వాళ్ళు మనకు వదిలేశారు. ఆ ఎంత అన్నదాన్ని పూరించడమే ఈ విద్య.

ఈ విద్యకు మన గడ్డతో ఒక బంధం ఉంది. ప్రపంచ ప్రసిద్ధ సాంఖ్యక శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారు 1920 సెప్టెంబరు 10న ఆనాటి బళ్ళారి జిల్లా హూవినహడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రం చదివారు. 2023లో ఆ రంగంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తెలియనితనాన్ని దాచిపెట్టకుండా, అది ఎంత ఉందో కొలిచి చూపిస్తే, అరకొర జ్ఞానం కూడా మనిషికి పనికి వస్తుందన్నది ఆయన జీవితమంతా చేసి చూపిన పని. హడగలిలో పుట్టిన మనిషి ప్రపంచానికి నేర్పిన పాఠాన్ని, హడగలికి చుట్టుపక్కల ఉన్న మనం నేర్చుకోకపోతే ఎలా?

చివరగా ఒక్క మాట. పోయినేడు జనవరిలో ఇంకొక తండ్రి అదే తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈసారి కూతురి కోసం. మూడు సబ్జెక్టులు పోయాయి. ప్రశ్న అదే. "పాసయితాదా సార్?" నేను నోటుబుక్కు తీసి చూసి చెప్పాను. "అప్పా, ఇలాంటి పిల్లలు పదిమందిలో ఆరుగురు గట్టెక్కుతారు, నలుగురు తప్పుతారు. మీ పాప ఏ వైపో నేను చెప్పలేను. కానీ లెక్కల్లో రెండు పాఠాలు, ఇంగ్లీషులో ఒక ఉత్తరం, ఒక వ్యాసం వస్తే ఆ ఆరు ఏడవుతుంది. సాయంత్రం ఒక గంట ఆపుకుంటాను, పంపిస్తావా?" ఆయన కాసేపు ఆలోచించాడు. "పదిలో ఆరంటే, మా చేనిమీద వాన కన్నా మేలే కదా సార్" అని నవ్వి, పంపించాడు.

ఆ పాప పాసయిందా లేదా అని మీరు అడుగుతారు. పాసయింది. కానీ తప్పినా నా మాట తప్పయ్యేది కాదు, ఆ నాయన బడి మాన్పించకపోవడం తప్పయ్యేది కాదు. పన్నెండేళ్ళ కిందట నేను "ఖాయం" అని చెప్పింది ఒక తీర్పు. తీర్పు విన్నవాడు లేచి వెళ్ళిపోతాడు. "పదిలో ఆరు" అన్నది అంచనా. అది విన్నవాడు మిగిలిన నాలుగింటిని ఏం చేద్దామని అడుగుతాడు. ఆ మొదటి పిల్లవాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. కనిపిస్తే దింపి దండం పెడతాడు. ఆ దండం తీసుకోవడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

ఈ రాత్రికి ఒక నోటుబుక్కు తీయండి. రేపు వాన, వచ్చే వారం టమోటా ధర, ఎల్లుండి బస్సు సమయానికి రావడం, ఏదో ఒకటి. ఎదురుగా ఒక అంకె, కింద తేదీ. నెల తర్వాత తిరగేసి చూసుకోండి. మీ అంచనాలకు మీరే ఉపాధ్యాయులు, మీరే విద్యార్థులు.